ఎలుక తూలింది సరే, పోయిందేమిటి?

(సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మిగతాది, ప్రసంగం చేసిన ఎలుకల నడక పరిశోధకురాలు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాను ఆపితే ఉక్క, వేస్తే గోల. ఉండనివ్వండి, నేనే గొంతు పెంచుతాను.

మొదట మిమ్మల్నే ఒకటి అడుగుతాను. రోడ్డు మీద ఒకాయన తూలుతూ నడుస్తున్నాడు. చూడగానే ఏమనుకుంటారు? చూశారా, అందరూ ఒకే మాట, తాగాడని. ఆ మాట అనేసి పక్కకి తప్పుకుంటాం. కానీ ఆయనకి షుగర్ పడిపోయి ఉండొచ్చు. చెవి లోపల ఏదో తేడా వచ్చి కళ్లు తిరుగుతుండొచ్చు. ఎప్పటినుంచో షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారి ఉండొచ్చు. చెప్పులో మేకు దిగి ఉండొచ్చు. తూలడం ఒకటే, కారణాలు పది. ఇవాళ నేను చెప్పబోయేది కూడా ఇదే, కాకపోతే మనిషి బదులు ఎలుక.

ఎలుక అంటే మన గోడల కింద తవ్వే పందికొక్కు కాదండీ, చిట్టెలుక. పాతిక గ్రాములుంటుంది, గుప్పిట్లో ఇమిడిపోతుంది. నేను చాలా ఏళ్లు ఈ చిట్టెలుకలు ఎలా నడుస్తాయో చూసి జీతం తీసుకున్నదాన్ని. మా అమ్మ చుట్టాలకి "మా అమ్మాయి ఎలుకలకి నడక నేర్పుతుంది" అని చెప్పేది. నేర్పడం కాదమ్మా, చూడటం అని చెప్పినా వినేది కాదు.

సరే, కథలోకి వద్దాం. 1951లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో డగ్లస్ ఫాల్కనర్ అనే జన్యుశాస్త్రవేత్త, తన ఎలుకల్లో వాటంతట అవే పుట్టుకొచ్చిన రెండు వింత రకాల గురించి ఒకే వ్యాసంలో రాశాడు. ఒకటి వణికేది, దానికి ట్రెంబ్లర్ అని పేరు పెట్టాడు. రెండోది తూలేది, దానికి రీలర్ అని. ఆ రోజుల్లో ఎలుకలకి పేర్లు ఇలాగే పెట్టేవాళ్లు, ఎలా నడిస్తే అలా. వీవర్, స్టాగరర్, లర్చర్, వాల్ట్‌జర్, అన్నీ నడకల పేర్లే. మన ఊళ్లో కుంటి సుబ్బయ్య, ఎర్రోడు అని పిలిచినట్టు. లోపల ఏం పాడైందో ఎవరికీ తెలియదు, పైకి కనిపించిందే పేరు.

ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సరిగ్గా నడవలేవు. కానీ ట్రెంబ్లర్‌లో తేడా కాళ్లకి వెళ్లే నరాల్లో ఉంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులా నరం మీద ఒక తొడుగు ఉంటుంది కదా, మైలిన్ అంటారు, అది సరిగ్గా ఏర్పడదు. రీలర్‌లో కాళ్ల నరాలకి ఏమీ కాలేదు, తేడా ముఖ్యంగా మెదడులో. ఒకే వ్యాసం, రెండు ఎలుకలు, రెండు వేర్వేరు చోట్ల లోపం. ఇంకా నలభై ఏళ్లు గడిస్తే గానీ ఆ జన్యువులేవో తెలియలేదు.

రీలర్ గురించి కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే నాకు ఇష్టం. పుట్టినప్పుడు దీన్ని గుర్తుపట్టలేరు. అన్ని పిల్లల్లాగే గులాబీ రంగులో, కళ్లు మూసుకుని తల్లి పక్కన పడుకుని ఉంటుంది. రెండు వారాలకి, అంటే కళ్లు తెరిచి మిగతా పిల్లలు గూట్లో పరుగులు మొదలుపెట్టే రోజుల్లో, ఇది బయటపడుతుంది. నాలుగడుగులు వేసి పక్కకి ఒరిగిపోతుంది, లేస్తుంది, వెనక భాగం ఊగుతుంది, మళ్లీ పడుతుంది. వణుకు కూడా ఉంటుంది. బలం లేక కాదు, కాళ్లు ఆడుతూనే ఉంటాయి. ఏ కాలు ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి, ఒరుగుతుంటే ఎప్పుడు సర్దుకోవాలి, ఆ లెక్క కుదరదు.

ఆ లెక్క చూసేది ప్రధానంగా చిన్నమెదడు. తల వెనక కింద ఉంటుంది. చిన్నది అని పేరే గానీ, మనిషి మెదడులో ఉన్న సుమారు 8600 కోట్ల నాడీకణాల్లో 6900 కోట్లు అందులోనే ఉన్నాయి! ఏం చేస్తుంది అంటారా? కరెంటు పోయిన రాత్రి మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని లేని మెట్టు మీద కాలు వేశారా ఎప్పుడైనా? గుండె జల్లుమంటుంది కదా. అంటే మీరు కాలు మోపకముందే లోపల ఎవరో లెక్క కట్టేశారన్నమాట, ఇంత కిందికి వెళ్తే నేల తగులుతుందని. ఆ లెక్క కట్టడంలో, తప్పితే దిద్దడంలో పెద్ద వాటా చిన్నమెదడుదే. మద్యం తాగినప్పుడు మొదట తడబడేవాటిలో ఇదీ ఒకటి, అందుకే తాగినవాణ్ని గీత మీద నడవమంటారు.

ఇప్పుడు అసలు విషయం. రీలర్‌లో పోయింది ఒకే ఒక్క జన్యువు. ఆ జన్యువు ఏం చేస్తుందనుకుంటారు? కాళ్లని కదిలిస్తుందా? బ్యాలెన్స్ పట్టి ఉంచుతుందా? రెండూ కాదు. అది రీలిన్ అనే పెద్ద ప్రోటీన్‌ని తయారుచేయిస్తుంది, దాదాపు 3460 అమైనో ఆమ్లాల గొలుసు. దాని ముఖ్యమైన పని పిల్ల ఇంకా కడుపులో ఉండగానే జరుగుతుంది. మెదడు కట్టేటప్పుడు కొత్తగా పుట్టిన కణాలు ఎక్కడో లోపల పుట్టి, పాక్కుంటూ తమ చోటికి చేరుకోవాలి. ఎక్కడ ఆగాలో, ఎలా వరస కట్టాలో తెలియాలంటే ఈ రీలిన్ ఉండాలి. మెదడు పై అంచున కొన్ని కణాలు కూర్చుని దీన్ని బయటికి వదులుతుంటాయి.

పెద్దమెదడు పైపొరలో కణాలు ఎలా సర్దుకుంటాయో చెప్తే మీకు నవ్వొస్తుంది. రైల్లో బెర్తులు ఊహించుకోండి. ముందు వచ్చినవాళ్లు కింది బెర్తులో సర్దుకుంటారు, తర్వాత వచ్చినవాళ్లు వాళ్లని దాటుకుని పైకెక్కాలి, ఆ తర్వాత వచ్చినవాళ్లు వీళ్లిద్దరినీ దాటుకుని ఇంకా పైకి. ఆఖరున వచ్చినవాడు అన్నిటికన్నా పైన. రీలర్‌లో ఆ దాటడం జరగదు. తర్వాత వచ్చినవాళ్లు ముందువాళ్ల కిందే ఇరుక్కుపోతారు, ముందువాళ్లు పైకి నెట్టబడతారు. మొత్తం దాదాపు తలకిందులు. కణాలు ఉన్నాయి, రకాలన్నీ ఉన్నాయి, కానీ చోటు తప్పాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు.

అయితే ఎలుక తూలేది ఈ తలకిందుల వల్లేనా? నేనూ మొదట అలాగే అనుకున్నాను, ఎవరైనా అనుకుంటారు. కానీ రీలర్‌లో చూపుకి సంబంధించిన మెదడు భాగంలో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, ఆ చోటు తప్పిన కణాలు కూడా ఎదురుగా చూపించిన గీతలకి చాలావరకు మామూలు ఎలుక కణాల్లాగే స్పందించాయి. తీగలు ఎలాగోలా వెతుక్కుని తమవాళ్లని చేరుకున్నాయన్నమాట. ఎక్కువ దెబ్బ తగిలింది చిన్నమెదడుకి.

చిన్నమెదడులో పర్కింజీ కణాలని ఉంటాయి. 1837లో ప్రాగ్‌లో వాటిని వర్ణించిన శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. సూక్ష్మదర్శినిలో చూస్తే తాటాకు విసనకర్రని నిలబెట్టినట్టుంటుంది, బల్లపరుపుగా, వేల కొమ్మలతో. చిన్నమెదడు పైపొర నుంచి ఏ మాట బయటికి వెళ్లాలన్నా వీటి ద్వారానే వెళ్లాలి, ఇంకో దారి లేదు. మామూలు ఎలుకలో ఇవి పూసలు గుచ్చినట్టు ఒకే వరసలో ఉంటాయి. రీలర్‌లో చాలా కొన్ని మాత్రమే ఆ వరసకి చేరతాయి. మిగతావన్నీ లోపలే గుంపులు గుంపులుగా ఉండిపోతాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, ఇది నాకు చాలా నచ్చుతుంది. చిన్నమెదడులో గ్రాన్యూల్ కణాలని చిన్న చిన్నవి కోట్లలో ఉంటాయి, ఇందాక చెప్పిన 6900 కోట్లలో దాదాపు అన్నీ ఇవే. పిల్ల పుట్టిన తర్వాత పై అంచున ఇవి రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరుగుతుంటాయి. ఆ పెరగమనే సంకేతం ఇచ్చేది ఎవరనుకున్నారు? పర్కింజీ కణాలే. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ని వదులుతాయి. అవును, వీడియోగేమ్ పేరే, నేను జోకు వేయట్లేదు. మరి పర్కింజీ కణాలు ఎక్కడో అడుగున ఇరుక్కుపోతే ఆ సంకేతం పైవాళ్లకి సరిగ్గా అందదు. వాళ్లు తక్కువ పెరుగుతారు. చిన్నమెదడు మామూలుగా ఉండే మడతలు లేకుండా చిన్నగా, నున్నగా మిగిలిపోతుంది. మేస్త్రీ లోపల గదిలో ఇరుక్కుపోతే పైన కూలీలకి పని చెప్పేవాడు లేనట్టు.

చూశారా ఎంత దూరం వచ్చామో. జన్యువు పోయింది, ప్రోటీన్ లేదు, కణం చోటు తప్పింది, దాని సంకేతం అందలేదు, ఇంకో రకం కణాలు తగ్గాయి, చిన్నమెదడు కుంచించుకుపోయింది, ఎలుక పక్కకి ఒరిగింది. పేపర్లో "నడకకి జన్యువు దొరికింది" అని హెడ్డింగ్ పెడతారు చూడండి, అది చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఇది నడక జన్యువు కాదు. నడవడం మొదలయ్యే నాటికి దీని పెద్ద పని అయిపోయింది కూడా.

ఈ జన్యువు దొరికిన తీరు కూడా విచిత్రమే. అమెరికాలో టామ్ కరన్ అనే ఆయన ల్యాబ్‌లో వేరే పని మీద ఒక జన్యువుని ఎలుకల్లోకి ఎక్కించారు. ఎక్కించినది ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు, అది పోయి సరిగ్గా ఈ జన్యువు మధ్యలో పడింది. పిల్లలు తూలాయి. చూసినవాళ్లకి "ఇది రీలర్‌లా ఉందే" అనిపించింది. ఎక్కించిన ముక్కని గుర్తుగా పట్టుకుని వెతికితే 1995లో జన్యువు బయటపడింది. అంటే నలభై నాలుగేళ్ల తర్వాత. అదే ఏడాది జపాన్‌లో మికోషిబా బృందం ఇంకో దారిలో వచ్చింది. వాళ్ల ఆలోచన వినండి. రీలర్ ఎలుక ఒంట్లో ఆ ప్రోటీనే లేదు కాబట్టి, మామూలు ఎలుక పిండం మెదడుని నూరి రీలర్‌కి ఎక్కిస్తే, దాని రోగనిరోధక శక్తి "ఇదేదో నాది కాదు" అని దాని మీద యాంటీబాడీ తయారుచేస్తుంది కదా? చేసింది! ఏం పోయిందో మనకి తెలియకపోయినా ఎలుకకి తెలుసు, దాన్నే అడిగారు. ఇంత అందమైన ప్రయోగం నా జన్మలో నేను ఒక్కటి చేసినా చాలనుకునేదాన్ని, చేయలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత 1999లో ఇంకో ముక్క దొరికింది. రీలిన్‌ని అందుకునే రిసెప్టర్లు రెండు. అవి ఏ కుటుంబానివో తెలుసా? రక్తంలో కొలెస్ట్రాల్‌ని పట్టే ఎల్‌డీఎల్ రిసెప్టర్ కుటుంబానివి. ఒకటి తీసేస్తే ఎలుక మెదడులో తేడా కొద్దిగానే ఉంటుంది. రెండూ తీసేస్తే అచ్చం రీలరే. అందుకే ఒక జన్యువు తీసి "ఏమీ కాలేదు, ఇది పనికిరానిది" అని తేల్చేయకూడదు. పక్కవాడు పని నెత్తిన వేసుకుని మోస్తున్నాడేమో.

మనుషుల్లో ఉందా అని అడుగుతున్నారు కదమ్మా మీరు. ఉంది. 2000లో రెండు కుటుంబాల పిల్లల్లో ఇదే జన్యువు పాడైనట్టు తేలింది. మెదడు మీద ఉండాల్సిన మడతలు సరిగ్గా లేవు, చిన్నమెదడు బాగా చిన్నది, ఎదుగుదల చాలా వెనకబడింది, ఫిట్స్. ఎలుక తూలుతుంది, కానీ మనిషి పిల్లకి వచ్చే కష్టం దానికంటే చాలా పెద్దది. ఈ రకం జబ్బు తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ పాడైతేనే వస్తుంది. ఒక కాపీ బాగుంటే చాలు, ఎలుక కూడా మామూలుగానే నడుస్తుంది. మన దగ్గర మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఒక్క మాట. ఇలాంటి అరుదైన పాడైన కాపీ ఒకే తాత నుంచి ఇద్దరికీ వచ్చే అవకాశం అక్కడ ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇంట్లో ముందు అలాంటి పిల్లలు పుట్టి ఉంటే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి ఒకసారి వెళ్లండి, అంతే.

ఇప్పుడు నడక ఎలా కొలుస్తామో చెప్తాను, కొంచెం త్వరగా. రోటారాడ్ అని ఒక యంత్రం ఉంటుంది. అప్పడాల కర్ర అడ్డంగా తిరుగుతున్నట్టు ఊహించుకోండి, దాని మీద ఎలుకని పెడతాం. మేం ఎక్కువగా వాడే పద్ధతిలో నిమిషానికి 4 చుట్లతో మొదలై 5 నిమిషాల్లో 40 చుట్లకి వెళ్తుంది. ఎంతసేపు ఉందో రాసుకోవడం. మామూలు ఎలుక రోజురోజుకీ మెరుగవుతుంది, అదే సైకిల్ నేర్చుకున్నట్టు. ఇంకోటి సన్నటి కర్ర మీద నడిపించి ఎన్నిసార్లు కాలు జారిందో లెక్కపెట్టడం. ఇంకోటి ముందు కాళ్లకి ఒక రంగు, వెనక కాళ్లకి ఇంకో రంగు పూసి తెల్లకాగితం మీద వదలడం, లక్ష్మీదేవి పాదాల ముగ్గులా అచ్చులు పడతాయి, అడుగుల మధ్య దూరం స్కేలుతో కొలుచుకోవచ్చు.

వినడానికి సులువుగానే ఉంది కదా? ఎలుకలు మనకంటే తెలివైనవండీ. కొన్ని రోటారాడ్ ఎక్కగానే "నాకెందుకీ గొడవ" అని దూకేస్తాయి. అవి పడిపోలేదు, దిగిపోయాయి. కొన్ని కడ్డీని కావలించుకుని దాంతోపాటు గుండ్రంగా తిరుగుతాయి, నడవకుండానే టైము గడిపేస్తాయి. లావుగా ఉన్నది త్వరగా పడుతుంది, దానికి జన్యువుతో పనిలేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక ఎలుక తల పక్కకి వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే, మేం తీసేసిన జన్యువు ప్రభావం దొరికేసిందని మూడు రోజులు నోట్‌బుక్ నింపాను, రాత్రుళ్లు నిద్రపట్టలేదు సంతోషంతో. మా సీనియర్ వచ్చి ఒక్క నిమిషం చూసి, "దాని చెవి చూశావా?" అన్నారు. చెవిలో ఇన్ఫెక్షన్. చీము. నా డిస్కవరీ అదీ!

నాది చిన్న పొరపాటు. పెద్దవాళ్లకి జరిగిన పెద్ద తికమక ఒకటి చెప్తాను, కొంచెం శ్రద్ధగా వినండి, ఇది మెలికలు తిరిగే కథ.

ప్రియాన్ ప్రోటీన్ పేరు విని ఉంటారు, పిచ్చావు జబ్బుకి సంబంధించింది. 1992లో జూరిక్‌లో చార్లెస్ వైస్‌మన్ బృందం ఆ జన్యువుని తీసేసి ఎలుకలని పుట్టించింది. ఏమీ కాలేదు. మామూలుగా పెరిగాయి, మామూలుగా నడిచాయి. 1996లో నాగసాకిలో ఇంకో బృందం అదే జన్యువుని తీసేసింది. అవి మొదట్లో బాగానే ఉన్నాయి, ఏడాది దాటి ముసలివయసు వచ్చేసరికి తూలడం మొదలైంది, చిన్నమెదడులో పర్కింజీ కణాలు చచ్చిపోయాయి. ఒకే జన్యువు పోతే ఒకచోట నడిచింది, ఒకచోట తూలింది. ఎవరిది తప్పు?

నాగసాకివాళ్లు ఏం చేశారంటే, పోయిన జన్యువుని వెనక్కి పెట్టి చూశారు. అసలైన పరీక్ష ఇదే కదా, తీస్తే జబ్బు రావాలి, పెడితే పోవాలి. పెడితే నిజంగానే తూలడం పోయింది. ఇంకేం కావాలి? కేసు తేలిపోయినట్టే కదా? నేనైతే అక్కడే ఫైలు మూసేసేదాన్ని.

తేలలేదు. 1999లో బయటపడింది ఏమిటంటే, ఆ జన్యువు పక్కనే ఇంకో జన్యువు ఉంది, దానికి డాపెల్ అని పేరు పెట్టారు. మామూలుగా పెద్ద ఎలుక మెదడులో అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది, దాని పని ఎక్కువగా వృషణాల్లో. నాగసాకి ఎలుకలో కత్తిరింపు కొంచెం ఎక్కువ దూరం పోయింది, రెండు జన్యువుల మధ్య "ఇక్కడ ఆగు, ఇక్కడ అతుకు" అని చెప్పే చోటు కూడా కొట్టుకుపోయింది. దాంతో మొదటి జన్యువు స్విచ్చు వేస్తే రెండోది వెలగడం మొదలైంది. మధ్యగోడ పడగొడితే పక్కింటి టీవీ మన హాల్లో మోగినట్టు. మెదడులో ఉండకూడని డాపెల్ ఉంది, పర్కింజీ కణాలని చంపింది అదే. జూరిక్ ఎలుకలో కత్తిరింపు లోపలే ఆగింది, గోడ నిలబడింది.

మరి జన్యువుని వెనక్కి పెడితే ఎందుకు తగ్గింది అంటారా? ప్రియాన్ ప్రోటీన్ ఉంటే డాపెల్ చేసే హానిని అది అడ్డుకుంటుంది. అందుకని తగ్గింది. చూడండి, పరీక్ష సరైనదే, జవాబూ సరైనదే, అర్థం మాత్రం తప్పు. తూలడానికి కారణం ఒకటి పోవడం మాత్రమే కాదు, ఇంకొకటి రావడం. నా దగ్గర చేరిన పిల్లలందరికీ మొదటి వారంలో ఈ కథ చెప్పేదాన్ని. "ఏం తీశావు?" అని కాదు, "తీసేటప్పుడు ఇంకేం కదిలింది?" అని అడుగు ముందు. ఆ తర్వాత రోటారాడ్ దగ్గరికి పో.

జన్యువుని కోరి తీసే పద్ధతికే 2007లో కాపెక్కి, ఎవన్స్, స్మితీస్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు క్రిస్పర్ అని, జన్యువుని కోరిన చోట కత్తిరించే కొత్త పద్ధతి వచ్చాక ఆ పని మరీ తేలికైంది, ఒకప్పుడు ఏళ్లు పట్టేది ఇప్పుడు నెలల్లో అయిపోతోంది. తీయడం తేలికైంది, కానీ ఎలుక ఎందుకు తూలిందో చెప్పడం ఏమీ తేలికవలేదు. అది ఇంకా ఒకరు కూర్చుని చూడాల్సిందే, చెవి కూడా చూడాల్సిందే.

ఆ ముందు వరస బాబు ఏదో అడుగుతున్నాడు. ఆ రీలర్ ఎలుకలు ఇంకా ఉన్నాయా? ఉన్నాయి నాన్నా. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో జాక్సన్ లేబొరేటరీ అని ఉంది, అక్కడి నుంచి ఇప్పటికీ తెప్పించుకుంటారు. తూలేవాటికి పిల్లల్ని కని పెంచడం కష్టం, అందుకని ఒక కాపీ మాత్రమే పాడైన మామూలు జంటని కలుపుతారు, పుట్టిన పిల్లల్లో లెక్క ప్రకారం నాలుగింట ఒకటి రీలర్ అవుతుంది. వాటి గూడు కూడా వేరేగా సర్దాలి. మామూలుగా ఎలుకలకి తిండి పైన జాలీలో పెడతాం, వెనక కాళ్ల మీద నిలబడి కొరుక్కుంటాయి. ఇవి నిలబడలేవు కదా, పడిపోతాయి, తిండి కనిపిస్తున్నా అందక చిక్కిపోతాయి. అందుకని తిండిని తడిపి గూటి నేల మీదే పెడతాం, వాటి ముక్కు ముందర. మొదటిసారి పెట్టినప్పుడు ఒకటి నా వేలికి ఆనుకుని నిలబడి తింది, వేలు తీస్తే పడిపోతుందని అది తినేదాకా అలాగే ఉంచాను, చెయ్యి తిమ్మిరెక్కింది.

టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు తాగుతూ అడగండి.